తోడికోడలి గొంతు

సెప్టెంబరు 6

చిట్టికి ఉద్యోగం వచ్చింది.

సెప్టెంబరు 7

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇవాళ తీరిగ్గా రాస్తాను, నాకేమీ కోపం లేదు కనుక.

మా రేడియోలో పొద్దున వార్తలయ్యాక వచ్చే ‘ఇదే రోజు మన రాష్ట్రంలో’ ఐటెం రాసేది నేను. ఏ తారీఖున ఏ ఊరికి మొదటి రైలు వచ్చింది, ఎక్కడ ఆనకట్ట కట్టారు, ఏ మిల్లు తగలబడింది, అన్నీ పాత పత్రికల్లోంచి ఏరి అయిదు నిమిషాల్లో పట్టేట్టు కూరుస్తాను. చదివేది మాత్రం నేను కాదు. ఇన్నేళ్ళూ మా స్టేషనులో ఒక పెద్దాయన చదివాడు. ఆయన రిటైరవుతున్నాడని తెలిసిన దగ్గర్నుంచి నేను ఇంట్లో గది తలుపేసుకుని చదవడం అభ్యాసం చేశాను. డైరెక్టరు గారు నా గొంతు విని, “చదివేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారమ్మా, మీలా రాసేవాళ్ళు దొరకడమే కష్టం” అన్నారు. పొగడ్త అనుకుని సంతోషంగా బయటికొచ్చాను. మెట్లు సగం దిగాక అర్థమైంది.

ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పడం నా బుద్ధితక్కువ. అత్తయ్య వెంటనే, “అయితే మన చిట్టిని తీసుకెళ్ళవే. దాని గొంతు వింటే ఎవరూ కాదనరు” అంది.

చిట్టి మా మరిది భార్య. ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు.

తీసుకెళ్ళాను. మైకు ముందు కూర్చుంటే ఎంతటివాళ్ళకైనా నాలుక పిడచకట్టుకుపోతుంది. చిట్టికీ అదే జరుగుతుందనుకున్నాను. ఇంటికి తీసుకొచ్చి ఓదార్చాలని కూడా అనుకున్నాను. చాలా బాగా ఓదార్చి ఉండేదాన్ని.

సెప్టెంబరు 14

చిట్టి మొదటిసారి చదివింది. అద్దానికి ఇవతల, కంట్రోల్ రూములో నేను నిలబడ్డాను. మా ఇంజనీరు నా వైపు తిరిగి, “ఇంట్లో ఇలాంటి గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?” అని అడిగాడు.

అవి నా వాక్యాలే. రాసేటప్పుడు మాత్రం నాకు అంత బాగా వినిపించలేదు.

ఇంటికొచ్చి చూస్తే అత్తయ్య రేడియోను వంటింట్లోంచి తన మంచం పక్కకి మార్చుకుంది. ఇన్నేళ్ళూ నేను రాసింది గిన్నెల చప్పుడు మధ్య విన్నది ఈవిడే.

సెప్టెంబరు 19

బేకరీ ఆయన చిట్టి గొంతు గుర్తుపట్టాడు. “మీరేనా! ఇంత చిన్న వయసులో ఇంత చరిత్ర ఎలా తెలుసండీ మీకు?”

“నాకేం తెలీదండీ. అంతా మా అక్క రాస్తుంది” అని చిట్టి నన్ను చూపించింది.

ఆయన నన్ను చూసి “ఓహో” అన్నాడు. బ్రెడ్డు కట్టించి, చిట్టికి రెండు బిస్కెట్లు ఊరికే ఇచ్చాడు. చిట్టి నన్ను చూపించకుండా ఉంటే ఇంటిదాకా హాయిగా తిట్టుకుంటూ వచ్చేదాన్ని. ఆ సుఖం కూడా మిగల్చదు.

సెప్టెంబరు 20

బిస్కెట్లలో ఒకటి నాకిచ్చింది. బాగానే ఉంది.

సెప్టెంబరు 27

“నీకు కుళ్ళు” అన్నాడు మా ఆయన.

“నాకా? ఎవరి మీద?”

“ఎవరి మీదో నేను చెప్పాలా?”

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి కదా, తన కంటికి కనబడనిది లేదని ఆయన నమ్మకం. నాకు కుళ్ళెందుకు? చిట్టి ఉచ్చారణలో చిన్న చిన్న లోపాలున్నాయి, వాటిని దాని మంచికే చెప్పాను. అందరి ముందూ చెప్పానంటే, అప్పుడు అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి.

అక్టోబరు 3

ఈ మధ్య అత్తయ్యకి కొత్త అలవాటు పట్టుకుంది. చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఏదో ఒకటి మాట్లాడవే” అంటుంది. చిట్టి వాళ్ళ బడి కబుర్లు చెబుతుంది, బస్సులో ఎవరో ఎవరినో తిట్టిన తిట్లు చెబుతుంది, పొంతన ఉండదు. అత్తయ్య కళ్ళు మూసుకుని వింటుంది. నేను వెళ్ళి నీళ్ళ మోటారు పాడైందని చెప్తే “ఊఁ” అంటుంది.

ఈవిడకి కాలు విరిగినప్పుడు మంచం దగ్గర నిలబడింది నేను. అప్పటికి చిట్టి ఈ ఇంటి గడప తొక్కనే లేదు.

అక్టోబరు 4

మోటారు నేనే బాగుచేయించాను.

అక్టోబరు 11

ఇరవైమూడో తారీఖు ఐటెం రాయడం మొదలుపెట్టాను. ఏడాదిలో కొన్ని తారీఖులు ఎండిపోయి ఉంటాయి, ఎంత వెతికినా ఏదో భవనానికి శంకుస్థాపన తప్ప దొరకదు. అక్టోబరు ఇరవైమూడు అలాంటిది కాదు. ఆ రోజే ఎగువన పెద్ద జలాశయం గేట్లు మొదటిసారి ఎత్తారు. ఇంకో ఏడాది అదే రోజు, నూలుమిల్లు ఆడవాళ్ళు నెలల తరబడి చేసిన సమ్మె గెలిచి, యంత్రాల దగ్గరికి పాటలు పాడుకుంటూ వెళ్ళారు. మరో ఏడాది ఒక స్కూలు పిల్ల ఒడ్డు నుంచి దీవి దాకా ఈది, మన రాష్ట్రంలో ఆ పని చేసిన మొదటి మనిషి అయింది. ఇవన్నీ అయ్యాక, ఇప్పటికి నలభై ఏళ్ళ పైమాట, నది మీద పాత వంతెన కుంగి బస్సు నీళ్ళలో పడింది.

ఒకే తారీఖున ఇంత సంతోషం, ఇంత దుఃఖం. ఏది ముందు, ఏది వెనక అన్నదే నా పనితనం. వంతెనను చివర పెట్టాను. విన్నవాళ్ళు చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోవాలి.

పొగిడేది మాత్రం చిట్టినే.

అక్టోబరు 17

ఇది రాయాలని లేదు. రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

మధ్యాహ్నం చిట్టి నా టేబుల్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుంది. “అక్కా, ఇరవైమూడున వంతెన సంగతి చదవడం నావల్ల అవుతుందా అని భయంగా ఉంది. అత్తయ్య వింటూ ఉంటుంది కదా.”

“వింటే ఏమైంది?”

“అదే... వాళ్ళ చెల్లెలు.”

“ఎవరి చెల్లెలు?”

చిట్టి ముఖం పాలిపోయింది. “మీకు తెలీదా అక్కా? మీకెప్పుడో చెప్పే ఉంటుందనుకున్నాను.”

నవ్వుతూ, “కొంచెం తెలుసులే. నువ్వు విన్నది చెప్పు” అన్నాను.

అత్తయ్య పెళ్ళికి ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు అని నాకు తెలుసు. అది ఆ వంతెన పక్క ఊరని కూడా తెలుసు. అక్కడితో సరి. ఆ రోజు పొద్దున అత్తయ్య చెల్లెలు అవతలి ఒడ్డు నుంచి ఫోన్ చేసిందట. “బస్సెక్కుతున్నా అక్కా, నీ డ్యూటీ అయ్యేసరికి అక్కడుంటా” అందట. వంతెన కుంగాక ఊరు ఊరంతా ఫోన్లకి ఎగబడింది. అత్తయ్య బోర్డు ముందునుంచి లేవకుండా ఒక ప్లగ్గు పీకుతూ ఇంకో ప్లగ్గు పెడుతూ, ఆసుపత్రికీ పోలీసులకీ, తల్లులకీ కొడుకులకీ లైన్లు కలుపుతూనే ఉందట. తన చెల్లెలు ఆ బస్సులోనే ఉందని సాయంత్రానికి గానీ తెలియలేదట.

“నా గొంతు అచ్చం ఆ చెల్లెలి గొంతులా ఉంటుందట అక్కా. అందుకే నన్ను రేడియోకి పంపమంది. పొద్దున్నే రేడియోలోంచి ఆ గొంతు వినబడితే ఆవిడ బతికే ఉన్నట్టుంటుందట.” చిట్టి కళ్ళు తుడుచుకుంది. “ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. మీరు ఎవరికీ చెప్పరుగా?”

“నేనెందుకు చెప్తాను?” అన్నాను.

అక్టోబరు 18

మా ఆయన్ని అడిగాను. “మాకో పిన్ని ఉండేదట, చిన్న వయసులోనే పోయిందట. ఎందుకూ?” అన్నాడు. కన్నకొడుక్కి తెలియదు. నాకు తెలియదు. నిన్నగాక మొన్న వచ్చినదానికి తెలుసు.

అక్టోబరు 19

పెద్ద కోడలిని నేను.

అక్టోబరు 21

ఇలా రాశాను:

‘ఆ రోజు ఎక్స్ఛేంజిలో ఒక ఆపరేటరు, తన చెల్లెలు ఆ బస్సులోనే ఉందని తెలియక, సాయంత్రం దాకా ఊరందరికీ వాళ్ళవాళ్ళ గొంతులు కలుపుతూనే ఉంది.’

ఇంత మంచి వాక్యం నేనింతవరకూ రాయలేదు. పేరు పెట్టలేదు, ఊరు పెట్టలేదు. చరిత్ర ఏ ఒక్కరి సొత్తూ కాదు, వినేవాళ్ళకి తెలియాలి. అత్తయ్య వింటుంది, నిజమే. ఈ సంగతి ఎవరి నోటినుంచి బయటికి వచ్చిందో ఆవిడే ఊహించుకుంటుంది. దానికి నేను పూచీ కాదు. చిట్టి చెప్పకుండా ఉంటే నాకెలా తెలిసేది?

అక్టోబరు 22

చిట్టికి ఇచ్చిన కాగితంలో ఆ వాక్యం లేదు. రేపు స్టూడియోలోకి వెళ్ళేముందు చివరి పేజీ మారుస్తాను. ముందే ఇస్తే భయపడుతుంది. దాని మంచికే.

అక్టోబరు 23

మార్చాను.

చిట్టి జలాశయం గురించి చదివింది. సమ్మె గురించి చదువుతుంటే మా ఇంజనీరు కాలితో తాళం వేశాడు. ఈదిన పిల్ల గురించి చదువుతూ గొంతులో నవ్వు కలిపింది. నేనెక్కడా నవ్వమని రాయలేదు, అయినా అక్కడ నవ్వాలి. పేజీ తిప్పింది. వంతెన, నది, బస్సు. ఆపైన ఆగిపోయింది.

అద్దంలోంచి నన్ను చూసింది. అలాగే చూస్తూ ఉంది. మైకు తెరిచే ఉంది. రాష్ట్రమంతటా మా స్టేషనులోంచి ఒక్క చప్పుడు లేదు. ఇంజనీరు చేతులు ఊపాడు, బల్ల మీద కొట్టాడు, చివరికి ఏదో సంగీతం వేశాడు. చిట్టి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

డైరెక్టరు గారు గదిలోంచి దూసుకొచ్చారు. “ఏమ్మా, నిద్రపోయావా? లైవులో అలా నోరు మూసుకుంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు?”

“పేజీలు తారుమారయ్యాయి సార్” అంది చిట్టి.

“ఏదీ, ఇటివ్వు.”

“చింపేశాను సార్.”

ఆయన కాసేపు దాన్నీ, కాసేపు నన్నూ చూశారు. “రేపట్నుంచి మీరే చదవండమ్మా” అన్నారు నాతో. “ఈ అమ్మాయి సంగతి తర్వాత చూద్దాం.”

మెట్ల మీద చిట్టి నా పక్కనే దిగింది. నేను వేగంగా దిగితే వేగంగా, నెమ్మదిగా దిగితే నెమ్మదిగా. గేటు దాకా వచ్చాక, “అత్తయ్యకి చెప్పనులే అక్కా. ఆవిడ తట్టుకోలేదు” అంది.

నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే దాని సొమ్మేం పోయేది?

అక్టోబరు 24

నేను చదివాను. నా వాక్యాలు, నా గొంతు. ఎక్కడా తడబడలేదు. ఇంజనీరు “బాగుందండీ” అన్నాడు. బేకరీ ఆయన దగ్గరికి పనిగట్టుకుని వెళ్ళి కాసేపు గట్టిగా మాట్లాడాను. గుర్తుపట్టలేదు. కొత్త కదా, గుర్తుపట్టడానికి సమయం పడుతుంది.

ఇంట్లో అత్తయ్యని అడిగాను, “విన్నారా?” అని.

“కూర మాడుతుంటే లేచానమ్మా. రేపు వింటాలే.”

మంచం మీద కూర్చునే మనిషికి వంటింట్లో కూర మాడడం ఎలా తెలిసిందో!

అక్టోబరు 26

చిట్టి ఇంట్లో మాట్లాడడం మానేసింది.

రేడియోలో ఎందుకు చదవట్లేదని అత్తయ్య అడిగితే గొంతు పట్టేసిందని సైగ చేసిందట. ఒకసారి అలా చెప్పాక ఇంక మాట్లాడడానికి లేదు కదా. మెడకి మఫ్లరు చుట్టుకుని మూగదానిలా తిరుగుతోంది. ఉప్పు కావాలంటే చేత్తో చూపిస్తుంది. మా మరిది పడీ పడీ నవ్వి, “అన్నయ్యా, ఈ అదృష్టం నీకెప్పుడు పడుతుందో” అన్నాడు. ఆయన నా ముఖం చూసి నవ్వు మింగేశాడు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. గంటకోసారి వేడినీళ్ళు కాచి ఇస్తోంది. తేనె కలుపుతోంది. “ఏదీ, కొంచెం అనవే. ఊఁ అను చాలు” అంటోంది. చిట్టి తల అడ్డంగా ఊపి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోతుంది.

అక్టోబరు 27

ఇవాళ కూడా బాగానే చదివాను. డైరెక్టరు గారేమీ అనలేదు. అనలేదంటే బాగున్నట్టే.

సాయంత్రం అత్తయ్య గదిలోకి దుప్పట్లు పెట్టడానికి వెళ్ళాను. రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది మోగడం లేదు. నన్ను చూసి, “డాక్టరుకి చూపిద్దామా దాన్ని? కొంతమందికి ఒకసారి పోతే మళ్ళీ రాదంటారు గొంతు” అంది. కాలు విరిగిననాడు కూడా ఈవిడ ముఖంలో నేను ఇంత భయం చూడలేదు.

దుప్పట్లు అక్కడే కుర్చీలో పెట్టేసి వచ్చేశాను.

ఒకసారి పోయిన గొంతును నలభై ఏళ్ళకి వెతికి తెచ్చుకుంది. నేను దాన్ని రెండోసారి తీసేశాను. ఇది రాసి చూసుకుంటే తప్ప నాకు తెలియలేదని అనలేను. తెలుసు. మెట్లమీదే తెలుసు.

అక్టోబరు 28

డైరెక్టరు గారికి చెప్పేశాను. పేజీ నేనే మార్చానని, చిట్టి అబద్ధం నాకోసం కాదు, మా అత్తయ్య కోసం చెప్పిందని. ఎందుకు మార్చానని అడిగారు. సాకులు చాలా తయారుగా ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు. “కుళ్ళు సార్” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “పేజీలు మార్చేవాళ్ళకి లైవు ఐటెం ఇవ్వలేనమ్మా. వాతావరణం, నదుల నీటిమట్టాలు మీరు చూసుకోండి. ‘ఇదే రోజు’ ఆ అమ్మాయే రాసుకుంటుంది, ఆ అమ్మాయే చదువుతుంది.”

చదవడం సరే. రాయడం కూడానా!

ఇంటికెళ్ళి చిట్టితో చెప్పాను, “ఇంక ఆ మఫ్లరు తియ్యి. రేపు నువ్వే చదువుతున్నావు.” అది నమ్మలేదు. నా చేతులు పట్టుకుంది. “మీరేం చేశారక్కా?” అని పైకే అడిగేసింది. పక్క గదిలో అత్తయ్య మంచం కిర్రుమంది.

అక్టోబరు 29

మధ్యాహ్నం బాల్కనీలో అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మొత్తం చెప్పాను. చిట్టి నన్ను నమ్మి చెప్పడం, నేను రాయడం, పేజీ మార్చడం, అంతా. ఆవిడ మడతపెట్టడం ఆపలేదు.

“ఎందుకు చేశావే?”

“నాకెప్పుడూ చెప్పలేదు మీరు. ఇన్నేళ్ళు మీతో ఉన్నాను.”

“నువ్వడిగావా?”

“అడిగాను అత్తయ్యా. ఒకసారి అడిగాను.”

“అడిగావు. వంతెన కూలినరోజు ఎక్స్ఛేంజికి ఎన్ని ఫోన్లు వచ్చాయని అడిగావు. రేడియోలో చెప్పాలని. చిట్టి నన్ను, మీకు అక్కాచెల్లెళ్ళు లేరా అత్తయ్యా అని అడిగింది.”

నాకు తల కొట్టేసినట్టైంది. లేవబోయాను. “కూర్చో. ఏం రాశావో చెప్పు” అంది.

చెప్పాను. కాగితం అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. నా గొంతు చెడ్డగా ఉంది, మధ్యలో జీరపోయింది కూడా. ‘తన చెల్లెలు ఆ బస్సులోనే ఉందని తెలియక, సాయంత్రం దాకా’ అంటుంటే అత్తయ్య చెయ్యి ఎత్తింది.

“తప్పు రాశావు.”

“ఏది?”

“తెలియక కాదు. మధ్యాహ్నానికే తెలుసు నాకు. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి పేర్లు చదువుతుంటే లైను సరిగా ఉందో లేదోనని మధ్యలో విన్నాను. విన్నాక ఆ ప్లగ్గు పీకి ఇంకోటి పెట్టాను. సాయంత్రం దాకా పెడుతూనే ఉన్నాను. అందరూ ధైర్యం అన్నారు. శాలువా కప్పారు. ధైర్యం కాదే, పిచ్చిదానా. బోర్డు దగ్గర్నుంచి లేస్తే అది నిజమైపోతుంది. లేవనంతసేపూ చెల్లెలు బస్సులో వస్తూనే ఉంటుంది.”

అత్తయ్య ఇంకో తువ్వాలు మడతపెట్టింది.

“ఇది చిట్టికి కూడా చెప్పలేదు. దానికి సాయంత్రమనే చెప్పాను. అది చిన్నపిల్ల, ఏడుస్తుంది.”

ఇక్కడ అబద్ధం రాస్తే ఇంక డైరీ దేనికి? ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది జాలి కాదు. చిట్టికి తెలియనిది నాకు తెలిసిందన్న సంతోషం. ఒక్క క్షణమే. ఆ తర్వాతే ఏడుపొచ్చింది, వచ్చాక ఆగలేదు. అత్తయ్య మడతపెట్టిన తువ్వాలు ఒకటి తీసి నా మీదికి విసిరింది.

“మళ్ళీ ఉతకాలి ఇప్పుడిది” అంది.

అక్టోబరు 30

ఇవాళ కూడా పొద్దున చిట్టే చదివింది. నేను వాతావరణం ముందే రాసి ఇచ్చేశాను కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి వింటుంటే అత్తయ్య కళ్ళు తెరవకుండానే మంచం మీద కొంచెం జరిగింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఐటెం చిట్టే రాసుకుంది. బాగానే రాసింది. ఒకచోట చిన్న పొరపాటుంది. ఎక్కడో నాకు తెలుసు. అత్తయ్య “ఎలా ఉంది?” అని అడిగింది.

“బాగుంది” అన్నాను.